వెంకటమునప్ప గురక పెట్టడు

ఏందిరా, మొగం అట్ట పెట్టుకోనుండావు? గురక పెడతావని నీ పెండ్లాం సాప ఎత్తుకోని హాల్లోకి పోయిందా? పోనీలే. నీదీ ఒక గురకేనా నాయనా, మొన్న నేనూ విన్నా గదా, పిల్లి పాలు తాగినట్టుండాది. గురకంటే మా మామది. మీ తాతకు నాయన, వెంకటమునప్ప. నువ్వు సూడలా. మీ నాయన గూడా సూడలా. కూచ్చో, సెప్తా. ఆ సిక్కుడుకాయల సేట ఇట్ట జరుపు, నారలు తీస్తా వినొచ్చు, పెద్ద పనేం గాదు.

మా మామకు పాకాలలో బెల్లం మండీ ఉండె, రైలుటేసనుకు పోయే దావలో. రైతులు బండ్ల మింద బెల్లం తోలకొస్తే ఈయన తూకమేయించి మద్రాసుకూ వేలూరుకూ పంపించేది. మనిషి వాకిట్లో తల వంచి లోపలికి రావాల, అంత పొడుగు. తెల్ల పంచ, మడత నలగని పైగుడ్డ. మర్యాదంటే మా మామదే మర్యాద. నలుగురిలో ఉన్నప్పుడు తేన్పు వస్తే పెరట్లోకి పోయి తేన్చి వచ్చేటోడు. తుమ్మొస్తే గోడపక్క తిరుక్కోని తుమ్మేటోడు, ఎదురుగా కట్టేసిన ఎనుము తప్ప ఎవురూ లేకపోయినా సరే. అట్టాంటి మనిషికి దేవుడు ఆ గురక ఏంటికిచ్చినాడో మరి. మద్దేనం సంగటీ ఊరిబిండీ తిని, ఈదితిన్నె మింద సాప ఏసుకోని, మొగం మింద పైగుడ్డ కప్పుకోని పడుకుంటాడా, మొదట కందెన లేని ఇరుసు మాదిరి కిర్రు కిర్రుమంటాది. ఆమింట గూడ్సుబండి గట్టెక్కినట్టు గుడగుడగుడ. ఆమింట ఏమీ ఉండదు. ఊపిరాడతా ఉండాదా లేదా అని మనం లేచి పోయేలోగా, సన్నంగా, పొడుగ్గా ఒక ఈల. మా ఇంటి కొప్పు మింద కాకులు వాలేవి గావు.

నేను కాపరానికి వచ్చిన దినం, వంటింట్లో పప్పు ఎనపతా ఉంటే ఆ సద్దు మొదలయింది. నేను దూలం ఇరగతా ఉండాదనుకోని పప్పుగుత్తి సేతిలో ఉండంగానే పెరట్లోకి పరిగెత్తినా. మా అత్త నాగులమ్మ సన్నటి మనిషి, ఎప్పుడూ దవడలో వక్క. నిదానంగా నా ఎనకాల వచ్చి, "దూలం గాదు అమ్మణ్ణీ, మీ మామ. దూలమైతే ఒకసారి ఇరిగి ఊరుకుంటాది" అనింది.

అదంతా ఒక ఎత్తు, ఆయన ఒప్పుకోకపోవడం ఇంకో ఎత్తు. ఎవురన్నా గురక మాటెత్తితే, కోపం గూడా పడడు. నిదానంగా, మండీలో రైతుకు తరుగు లెక్క సెప్పినట్టు సెప్పేటోడు. "నేను నిద్దర పోను. కండ్లు మూసుకోనుంటా, అంతే. అన్నీ వినబడతానే ఉంటాయి. నేనే గురక పెడితే, నా సెవి నా ముక్కుకు జానెడు దూరంలో లేదా? ఈదిలో ఉండేటోళ్ళకు వినబడింది నాకు వినబడదా?" ఇట్టంటే ఏం సెప్తావు నువ్వు? నాకూ తెలీదు, ఇప్పటికీ. మా అత్త మాత్రం వక్క దవడ మార్చుకోని ఊరుకునేది. తిన్నె కింద ఒక ఎర్రకుక్క పండుకునేది, పాపం. ఈయన తన గురకకు తానే లేచి, కిందికి సూసి, "థూ, ఏం కుక్కో ఇది, మనిషిని కన్ను మూయనీదు" అని దాన్ని తరిమేసేటోడు. అది నాలుగడుగులు పోయి ఎనక్కి తిరిగి ఒక సూపు సూసేది సూడు. నోరుంటే ఆ కుక్క కోర్టుకు పోయుండు.

ఇట్టుంటే నలబై రెండో సమ్మచ్చరం వచ్చింది. జపానోడు మద్రాసు మింద బాంబులేస్తాడని పుకారు లేసింది. మద్రాసు జనమంతా రైలెక్కి మన పక్క వచ్చేసినారు. పాకాల టేసన్లో దిగేటోళ్ళను సూడాల, ఒకడి సంకలో కోడి, ఒకడి నెత్తిన కుట్టుమిషను. మా అత్తకు తమ్ముడు జయరామ్ మద్రాసులో ఏదో కంపెనీలో గుమాస్తా, చిన్నప్పుడే ఆడికి పోయినోడు, అక్కింట్లో ఒక రాత్రి గూడా పండుకున్నోడు గాదు. వాడూ వచ్చినాడు, పెండ్లాం పంకజాక్షినీ పిల్లోళ్ళనూ ఎంటబెట్టుకోని. ఒక ట్రంకుపెట్టె, ఒక రుబ్బురోలు పొత్రం. "రోలేదిరా?" అనింది అక్క. "రోలు మోసేటోడు దొరకలా అక్కా, పొత్రమన్నా దక్కనీలే అని" అన్నాడు. ఆ పొత్రాన్ని మద్రాసు నించి ఒళ్ళో పెట్టుకోని వచ్చింది పంకజాక్షి, బిడ్డ మాదిరి.

జయరాముకు మద్రాసులో బాంబులు పడినప్పుడు ఏం సెయ్యాలో నేర్పించినారంట. ఆ నేర్చిందంతా మా మింద ఏసినాడు. సెవుల్లో దూది పెట్టుకోవాల, పండ్ల మధ్యన గుడ్డ కరుసుకోవాల, లేకుంటే పండ్లు రాలిపోతాయంట, గుంతలో బోర్లా పడుకోవాల. పెరట్లో మునగసెట్టు కాడ పొడుగాటి గుంత తవ్వించినాడు. మా మామ వచ్చి సూసి, "కానీలే, యుద్దం అయిపోతే గుమ్మడిపాదు పెట్టుకోవచ్చు" అన్నాడు. విమానం సద్దు వింటే అది ఇంగ్లీషోడిదా జపానోడిదా సెప్పేస్తానని జయరామ్. కుప్పమ్మని పక్కింటామె, ఎనుములు మేపుకునే మనిషి, నోరు తెరుచుకోని వినేది. "అట్నా జయరామూ, మా సెవులకు అన్నీ ఒకటే గదప్పా" అనేది. "సుమ్మా ఊరికే రాదక్కా, సెవి పెట్టాల" అనేటోడు వాడు.

వాళ్ళు వచ్చిన ఆ నాలుగు దినాలూ మా మామ మండీలోనే పండుకునేది, బండ్లు శానా వచ్చినాయని; ఇంటికి కూటికొచ్చి పోయేది, అంతే. ఐదో దినం మద్దేనం ఇంటికొచ్చి, తిని, ఎప్పటి మాదిరే తిన్నె మింద పండుకున్నాడు. లోపల జయరామ్ అన్నం తింటా ఉండాడు, నేను రసం పోస్తా ఉండా. కిర్రు కిర్రుమనింది. జయరామ్ ముద్ద నోటికాడనే ఆపేసినాడు. సెవి పక్కకు వాల్చినాడు. గుడగుడగుడ మొదలయ్యేసరికి మొగంలో రగతం లేదు. "వచ్చేసినాడు" అన్నాడు. "జపానోడే. రెండింజన్లది." అంతే, ఎంగిలి సేత్తోనే పిల్లోళ్ళను సంకన ఏసుకోని పెరట్లోకి. పంకజాక్షి పొత్రం ఎత్తుకోని వాడెనక. నేను నోరు తెరిసేలోగా నా రెట్ట పట్టుకోని ఈడ్సుకోని పోయినాడు. మా అత్త సెప్పబోయింది పాపం, గాని నవ్వు పట్టుకునేసింది, మాట రాలా, కండ్లల్లో నీళ్ళు. అది సూసి జయరామ్, "ఏడవబాకక్కా, నేనుండా గదా" అని ఆమెను గూడా గుంతలోకి తోసినాడు. గోడవతలి నించి కుప్పమ్మ వచ్చి దూకింది, సేతిలో పాలసెంబు. దావన పోయే గాజులాయన మలారంతో సహా దిగినాడు. గాజులన్నీ గలగలమంటా ఉంటే జయరామ్, "సద్దు సెయ్యబాకప్పా, పైనోడికి వినబడతాది" అన్నాడు.

అందురూ గుడ్డలు కరుసుకోని బోర్లా పడుండారు. జయరామ్ మాత్రం గుడ్డ తీసి తీసి సెప్తా ఉండాడు. "పైకి లేస్తా ఉండాది... ఇప్పుడు తిరుక్కునింది... టేసను మింద గురి పెడతా ఉండాడు." గుడగుడ ఆగిపోయింది. "ఇంజను ఆపినాడు. ఇదే టైము. బాంబు ఇడిస్తే ఈల మాదిరి వస్తాది, అందురూ దేవుణ్ణి తలుసుకోండి." అనేలోగా వచ్చింది ఈల. సన్నంగా, పొడుగ్గా. పంకజాక్షి పొత్రాన్ని వాటేసుకునింది. గాజులాయన గోవిందా గోవిందా అంటా మట్టిలో మొగం దూర్చేసినాడు. మా అత్త గుడ్డ మింగేసిందేమో అనుకున్నా, అంత ఎగిరెగిరి పడతా ఉండాది నవ్వుకు. ఏమీ పేలలా. మళ్ళా కిర్రు కిర్రు. "తప్పిపోయింది, మళ్ళా వస్తా ఉండాడు" అన్నాడు జయరామ్.

అప్పుడు పంకజాక్షికి గుర్తొచ్చింది, "అయ్యో, అన్న తిన్నె మిందనే ఉండాడే" అని. జయరామ్ మంచోడురా, పిరికోడే గాని మంచోడు. అక్క మొగుడు ఈదిలో దిక్కు లేకుండా పడుండాడే అని, బాంబులు పడతా ఉన్నా సరే అనుకోని, ఇంటి సందులో పాక్కుంటా పాక్కుంటా తిన్నె కాడికి పోయినాడు. పోయి, కాళ్ళు పట్టుకోని ఊపి, "బావా, లే బావా, జపానోడు" అన్నాడు. సద్దు ఆగిపోయింది. జయరామ్ ఆకాశం సూసినాడు. బావను సూసినాడు. మళ్ళా ఆకాశం సూసినాడు. మా మామ పైగుడ్డ తీసి లేచి కూచ్చుంటే, ఎదురుగా మట్టి పూసుకోని, నోట్లో గుడ్డతో బామ్మర్ది. వాడెనకాల గుంతలో ఉండేటోళ్ళంతా వరసగా. ఎవురూ ఏమీ అనకపోయుంటే బాగుండు. కుప్పమ్మే అనింది, "అన్నా, అది జపానోడు కాదంట, నువ్వంట" అని. ఈదంతా నవ్వింది. ఎదురింటి ముసిలామె, మంచం దిగలేని మనిషి, కిటికీలో నించి నవ్వింది. మా మామ నిదానంగా, "నేను గురక పెడితే నాకు వినబడదా?" అన్నాడు ఎప్పటి మాదిరే. జయరామ్ ఊరుకోవాల గదా. భయం దిగిన మనిషి, ఒళ్ళు తెలీకుండా, "జపానోడే నయం బావా, వాడు బాంబేసి పోతాడు" అన్నాడు.

మా మామ మొగం ఎర్రగా అయిపోయింది. పైగుడ్డ దులిపి, మడత పెట్టి, బుజం మింద ఏసుకోని, సెప్పులు తొడుక్కోని మండీకి పోయినాడు. పొద్దుగూకినా రాలా. మీ తాత పోయి పిలిస్తే, "ఆ ఇంట్లో ఇంక నా కన్ను మూత పడదు" అన్నాడంట. కూడు మండీకే పంపించినాము. మర్నాడూ అంతే. మేమేమో రెండు దినాలకు వస్తాడులే అనుకున్నాము. రాలా. ఆడ ఆయన అవస్త ఏందంటే, నిద్దరపోతే ఎవురన్నా నవ్వుతారేమో అని ఊరికే కూచ్చునేది. బెల్లం దిమ్మెల మధ్యన, ఈగలు తోలుకుంటా. త్రాసు కాడ నిలబడే కునుకు తీసి, ఒకసారి రైతు బుజం మింద తలకాయ వాల్చినాడంట. మనిషి సగమైపోయినాడు. కండ్లు మిరపపండ్లు.

ఇంట్లో మా అత్త సంగతి అడగబాకు. అంత కాలం ఆ గురక పక్కన పండుకున్న మనిషి. ఇప్పుడు ఇల్లంతా నిశ్శబ్దం. పంకజాక్షి తెలీక, "ఇంకేం వదినా, హాయిగా నిద్దరపోవచ్చు" అనింది. మా అత్త ఆమెను ఎట్ట సూసిందంటే, ఆ పొద్దంతా పంకజాక్షి పిల్లోళ్ళకు తల దువ్వతానే ఉండిపోయింది, ఒకే పిల్లకు. మా అత్తకు కన్ను మూత పడలా. రసంలో ఉప్పు రెండు తూర్లు ఏసేది, చింతపండు మర్సిపోయేది. బల్లి అరిస్తే ఉలిక్కిపడేది. కడాకు ఒక మద్దేనం తమ్ముణ్ణి పిలిసి, "నువ్వే గదా ఆయన్ను పంపించేసినావు. నువ్వే పెట్టు" అనింది. "ఏందక్కా పెట్టేది?" "గురక." వాడేం సేస్తాడు, తిన్నె మింద కూచ్చోని కిర్రు కిర్రుమన్నాడు. ఈమె లోపల పండుకోని వినింది. "గట్టిగా" అనింది. గుడగుడమన్నాడు. "అది ఎద్దుబండిరా, గూడ్సుబండి గాదు" అనింది. వాడు గొంతు పోయేదాకా సేసినాడు. కడాకు మా అత్త లేచి వచ్చి, "ఈల రాలేదు నీకు. ఈల లేకుంటే అయిపోయినట్టు తెలీదు, నేనెట్ట పండుకునేది?" అని పెరట్లోకి పోయింది. గుంత గట్టు మింద కూచ్చుంది. నేను పోతే నా పక్క సూడలా. కొంగుతో ముక్కు తుడుసుకునింది. నవ్వే మనిషిరా ఆమె, దేనికైనా నవ్వే మనిషి. ఆమె ఏడవడం అప్పుడే సూసినా.

మర్నాడు పొద్దున్నే తల దువ్వుకోని, మంచి సీర కట్టుకోని, మండీకి పోయింది. పుట్టి బుద్దెరిగి ఆ అంగళ్ళ ఈదిలోకి పోయిన మనిషి గాదు. నన్ను తోడు రమ్మనింది. మండీ నిండా బండ్లు, రైతులు. మా మామ త్రాసు కాడ కూచ్చోనుండాడు. ఈమెను సూసి, "ఏంటికొచ్చినావు?" అన్నాడు. ఈమె రైతులందరికీ వినబడేటట్టు, "నువ్వు గురక పెట్టవు. మా జయరాముకు సెవుల్లో ఏదో రోగం, మద్రాసు నీళ్ళు పడలా వాడికి" అనింది. మా మామ తల దించుకున్నాడు. మెల్లిగా, "మరి నీ సెవులకు?" అన్నాడు. ఈమె కొంగు సవరించుకునింది. ఆమింట, "నాకు నిద్దర రాలేదు" అనింది. "ఏం?" "సద్దు లేక." "ఏం సద్దు?" అన్నాడు ఆయన. సెప్పిందా, అయిపోయింది, ఇంక జన్మలో ఇంటికి రాడు. మా అత్త వక్క ఈ దవడ నించి ఆ దవడకు మార్చుకునింది. "మనిషి ఇంట్లో ఉండే సద్దు" అనింది.

ఆయన ఆమె పక్క అట్టనే సూసినాడు. తెలిసిందో తెలీలేదో, నాకు తెలీదు. పైగుడ్డ దులుపుకోని లేచినాడు. ఇంటికొచ్చి, తిని, తిన్నె మింద పండుకున్నాడు. పండుకుంటే మేమందరం వాకిట్లో నిలబడుకోని సూస్తా ఉండాము, ఎప్పుడు మొదలవుతాదా అని. కుప్పమ్మ గోడ మింద గెడ్డం ఆనించుకోనుండాది. ఆయనకెట్టొస్తాది నిద్దర? పైగుడ్డ సందులోంచి ఒక కన్ను తెరిసి, "ఏం, అందురికీ పనుల్లేవా?" అన్నాడు. మా అత్త అందర్నీ తరిమేసింది. ఇసనకర్ర తీసుకోని తానే పక్కన కూచ్చునింది. పిడికెడు వడ్లు దంచే సేపు గూడా కాలా, కిర్రు కిర్రు. గుడగుడ. ఈలకాడికి వచ్చేసరికి మా అత్త గోడకు ఆనుకోని, నోరు తెరుచుకోని, ఒళ్ళు తెలీకుండా నిద్దరపోతా ఉండాది. జయరామ్ ట్రంకుపెట్టెలో నించి దూది తీసి పిల్లోళ్ళందరికీ పంచినాడు.

జపానోడు రాలా, జయరామోళ్ళు మద్రాసుకు ఎనక్కి పోయినారు. మా మామ నలబై ఏడులో పోయినాడు, ఎండాకాలం. ఒక్క దినం జరం, అంతే. పోయేదాకా ఒప్పుకోలా. దినాలయినాక మా అత్త సాప సుట్టుకోని మద్దేనం పూట యాడికో పోతా ఉండాది. నాకు భయమేసి ఎనకాలే పోయినా. ఈది కొసన మునస్వామని ఒకాయన అప్పుడే వడ్ల మిల్లు పెట్టుండె, ఆయిలింజను. ఈమె పోయి ఆ ఇంజను పక్కన, గోనెసంచుల మింద సాప ఏసుకోని పండుకునుండాది. నెత్తి నిండా తవుడు, కనుబొమ్మలు తెల్లగా. ఆ సద్దులో మనిషికి మనిషి మాట వినబడదు, ఈమెకు బ్రమ్మాండమైన నిద్దర. మునస్వామి నన్ను సూసి ఊరుకోమని సెయ్యి ఊపినాడు. ఇంజను ఆపితేనే లేస్తాదంట, "ఏమైంది, ఏమైంది?" అంటా. ఒక్కొక్క దినం ఆడించేదానికి వడ్లు రావు. అప్పుడు గూడా వాడు మద్దేనం రొంచేపు ఊరికే ఇంజను తిప్పేటోడు. ఏందప్పా అంటే, బెల్టు సరిజేస్తా ఉండా అనేటోడు. ఆ బెల్టుకు ఏమీ లేదురా. కొత్త బెల్టు.



ఏందది, ఆ కాయ పుచ్చిపోయుండాది, పారెయ్యి.