నోరు విప్పకూడని బోటు

ఏంటే ఐలా, ఆ ఫోన్లో ఎవరు, గిబ్బీగాడా? ఏదీ ఇటు తిప్పు. ఆ, వాడే. గడ్డం చూడు, దువ్వెన మొహం చూడని గడ్డం. ఒంటెలున్నాయంటే ఇది మంగోలియా వెళ్లినప్పటిది. ఇప్పుడు ఆ ఒంటెకి వాడు వాళ్ల ఆవిడ మీద చాడీలు చెబుతాడు, అది విని విని వాడి టోపీ తినేస్తుంది. తినేసిందా? సరే, ఇక ఆపు. ఆపమంటే ఆపమ్మా, దీని తర్వాత వాడొక ఊళ్లోకి వెళ్లి అక్కడ దొడ్లో ఉన్న ఒక జంతువుని పేరుపెట్టి పిలుస్తాడు, నా చేతికందేట్టు ఇక్కడ ఇనుమేదీ లేదు. ఆ పొయ్యి కదిపే ఊచ ఇటియ్యి ముందు. నవ్వుతావేం, నువ్వు పట్నంలో చదువుకునే పిల్లవి, నీకు నవ్వులాటే. మన ఊరి మగాళ్లు ఇంకా సముద్రం మీదకి పోతున్నారు. ఆ పేరు ఎవరైనా అన్నారంటే చల్లటి ఇనుము ముట్టుకోవాల్సిందే, ఫోన్లో అన్నా సరే. బురదలో పొర్లే ఆ జంతువుని నేనైతే గుర్రుగాడు అంటాను, అలా అంటే ఫరవాలేదు. చర్చిలో ప్రసంగం చెప్పే ఆయన్ని నల్లకోటాయన అంటాం. ఆయన్ని కూడా అసలు పేరుతో బోటు మీద తలవకూడదు. ఎందుకంటే నాకేం తెలుసు, మా తాత తలవలేదు, నేనూ తలవను, ఇద్దరం ఒడ్డునే ముసలాళ్లమయ్యాం, చాలదా?

గిబ్బీ సంగతి అడిగావు కదూ. వాడు ఇసాక్ నోబుల్ సరంగు కొడుకు. ఇసాక్ బోటు మీద ఇంజను నాది. పదిహేనేళ్లకే వాణ్ణి బోటెక్కించాడు తండ్రి. చేపలు కడగరా అంటే కడిగేవాడు, కానీ నోరు మూసుకుని కడగడం వాడి వల్ల కాదు. ప్రతి చేపకీ ఒక గొంతు పెట్టేవాడు. పెద్ద చేపలకి బ్యాంకు మేనేజరు గొంతు, చిన్నవాటికి వాళ్ల పిన్ని గొంతు. మేం నవ్వి నవ్వి వల తాడు వదిలేసేవాళ్లం. ఇసాక్ మాత్రం నవ్వడు. ఆయన మీటింగ్ హాల్లో ప్రార్థనలు చేసే భక్తుడు, బైబిలు, సముద్రం, ఆ రెండే ఆయనకి. ఇంట్లో రేడియో కూడా ఉండేది కాదు. ఒకసారి ఏమైందంటే, వారమంతా వల ఖాళీగానే వస్తోంది, అందరం మొహాలు వేలాడేసుకుని ఉన్నాం. ఉన్నట్టుండి వీడు వల మీదకి వంగి, "నాన్నా, పడింది, పేద్దది పడింది" అని, గుర్రుగాడి అసలు పేరు పెట్టి అరిచాడు. ఇంకేముంది, తలా ఒక దిక్కు పరుగు. నేను ఇంజను కౌగిలించుకున్నాను. వంటాయన తొందర్లో పొయ్యి మీది కెటిల్ పట్టుకున్నాడు. చల్లటి ఇనుము ముట్టుకోవాలయ్యా బాబూ, మరిగేది కాదు. పాపం చెయ్యి బొబ్బలెక్కిపోయింది. ఇసాక్ బోటు తిప్పాడు, జెట్టీకి తెచ్చాడు, వాడి సంచీ ఒడ్డు మీద పెట్టాడు. "నీకు నోరుంది. పోయి దాంతోనే బతుకు," అన్నాడు. తిట్టే అన్నాడులే. వీడు దాన్ని ఉద్యోగంగా తీసుకున్నాడు.

గ్లాస్గో పోయాడు. మొదట తాగుబోతుల క్లబ్బుల్లో, తర్వాత పెద్ద హాళ్లలో, ఒక్కడే మైకు పట్టుకుని నిలబడ్డం, నోటికొచ్చింది మాట్లాడ్డం. జనం విరగబడి వచ్చేవాళ్లంట. పేపర్లో ఫొటోలేశారు. సినిమాలు కూడా చేశాడు. మొదటి సినిమాలో శవం వేషం. మొదలవ్వగానే చనిపోయి ఉంటాడు, ఇంటర్వెల్ దాకా అక్కడే పడుంటాడు. మన ఊరికి అదే బాగా నచ్చింది, కదలకుండా భలే ఉన్నాడు, మాట్లాడలేదు కూడా అని. రెండో సినిమాలో, వెధవ, ఏకంగా నల్లకోటాయన వేషం కట్టాడు. మాకెవడు చెప్పాడు? పక్క టౌన్లో హాలుకి ఊరు ఊరంతా కదిలి వెళ్లాం. వీడు తెల్ల కాలరు పెట్టుకుని తెర మీదకి రాగానే మా వరసలన్నీ ఒక్కసారి కిందకి వంగిపోయాయి, కుర్చీల ఇనప కాళ్లు పట్టుకోవడానికి. వాడు ఆ కాలరు విప్పితేగా మేం లేచేది! సినిమా అయ్యేదాకా విప్పలేదు. ఎలా ఉందని అడిగింది ఇంటి దగ్గరే ఉండిపోయిన మీ అమ్మమ్మ. వినడానికి బాగుంది అన్నాను.

ఆ తర్వాతే ఈ ఊళ్లు తిరిగే ప్రోగ్రాములు. మోటారు సైకిలెక్కి దేశాలు తిరగడం, అక్కడ వాళ్లతో తిని, వాళ్లతో ఎగిరి, వాళ్ల ముసలమ్మలతో పోట్లాట పెట్టుకోవడం. ఆదివారం సాయంత్రం టీవీలో వచ్చేది. మా ఇళ్లల్లో అందరం ఒళ్లో పెనాలు పెట్టుకుని చూసేవాళ్లం, ఎప్పుడే మాటంటాడో తెలీదు కదా. ఒక దీవిలో వాడు గుర్రుగాడి పిల్లనెత్తుకుని ముద్దు పెట్టుకున్నాడు. ముద్దు! మూతి మీద! దానికి పెనం సరిపోతుందా? మర్నాడు హార్బర్లోంచి ఒక్క బోటు కదల్లేదు. చేపల శాఖ నుంచి ఒక ఆఫీసరొచ్చాడు, సమ్మె చేస్తున్నారా, కోరికలేంటి అని. కోరికలేం లేవండీ అన్నాం. మరెందుకు వెళ్లలేదు? కారణం చెప్పాలంటే ఆ పేరు చెప్పాలి, ఎవడు చెబుతాడు? చివరికి వంటాయన సుద్దముక్క తీసుకుని చేపల పెట్టె మీద బొమ్మ గీసి చూపించాడు, గుండ్రటి మూతి, చిన్న కళ్లు. ఆఫీసరు ఆ బొమ్మ చూశాడు, వంటాయన్ని చూశాడు. ఆ ఆఫీసరు కాస్త ఒళ్లున్న మనిషిలే. మొహం కందగడ్డ చేసుకుని వెళ్లిపోయాడు, మళ్లీ మన ఊరి మొహం చూడలేదు.

ఎక్కడున్నాను? ఆ, గిబ్బీ. వాడు ఏటా కొత్త సంవత్సరానికి ఇంటికొచ్చేవాడు. తండ్రి ఎదురుగా కూచుని ఏడాదంతా పోగేసిన కబుర్లన్నీ చెప్పేవాడు. మాది పక్కిల్లే కదా, గోడవతల నాకు వినిపించి పొట్ట చెక్కలయ్యేది. ఇసాక్ మాత్రం గడియారానికి కీ ఇచ్చుకుంటూ కూచునేవాడు. ఒకసారి వాడు నా దగ్గరికొచ్చి కూలబడ్డాడు. "హెక్టరూ, లండన్లో ఒకావిడ నవ్వీ నవ్వీ కట్టుడుపళ్లు ముందు వరసలో కూచున్నవాడి ఒళ్లో పడేసిందిరా. మా నాన్న పెదవి కదపడు. దేశం మొత్తం నవ్వి ఏం లాభం చెప్పు, ఆయన ఒక్కసారి నవ్వితే నాకు చాలు," అన్నాడు. నేను, "ఆయన ఎవరికి నవ్వాడు గనక? మీ అమ్మని పెళ్లాడినప్పుడు కూడా నవ్వలేదు, ఫొటో చూడు," అన్నాను. "అందుకేరా, నాకే కావాలి," అన్నాడు. నాకు చెడ్డ జాలేసింది. అంత పేరున్న మనిషి, నా వంటింట్లో కూచుని చిన్నపిల్లాడిలా కళ్లు తుడుచుకున్నాడు.

ఆయన కోసమే మన హాల్లో ఒక షో కూడా పెట్టాడు. అదొక ఘోరం. వీడి నోటికి అదుపు లేదని తెలుసు కదా, అందరూ ఇనుము తెచ్చుకున్నారు. స్పానర్లు, గుర్రపు నాడాలు, మీ అమ్మమ్మ ఇస్త్రీ పెట్టె తెచ్చింది. ఇసాక్ ముందు వరసలో గొలుసు కొక్కెం ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. వీడు ఆ పేర్లేవీ అనకుండా చాలా జాగ్రత్తగానే మాట్లాడాడు, కానీ అనబోతున్నాడేమోనని మావాళ్లకి భయం. వాడు ఊపిరి తీసుకుంటే చాలు, హాలంతా ఠంగుమనేది. ఇక నవ్వెక్కడ వినిపిస్తుంది? అయిపోయాక ఇసాక్ లేచి, "ఈ హాల్లో చలిగాలి కొడుతోంది," అని వెళ్లిపోయాడు. గిబ్బీ కోటు విప్పేసి మాతో పాటు కుర్చీలు మడతపెట్టాడు. ఒక్క జోకు వెయ్యలేదు.

తర్వాత కొన్నేళ్లకి, వాడికి కూడా గడ్డం నెరిసిపోయాక, సొంత ఊరి మీద ప్రోగ్రాం తీస్తానని వచ్చాడు. వాడి వెనకాల రూపర్ట్ అని డైరెక్టరు, ఇంగ్లీషు దొర, నున్నటి బూట్లు. ఒక కెమెరామన్. తండ్రి బోటు మీద వెళ్లాలని వీడి ఆశ. ఇసాక్‌కి ఎనభై దాటాయి, అయినా చుక్కాని ఇంకొకడి చేతికివ్వలేదు. సరేనన్నాడు. కానీ ఒక్క షరతు. "జెట్టీ వదిలిన దగ్గర్నుంచి జెట్టీ చేరేదాకా వాడు నోరు విప్పకూడదు. మంచి మాటైనా సరే." రూపర్ట్ గుండె బాదుకున్నాడు. "అయ్యా, మాటలు అమ్ముకునే మనిషిని మూగవాణ్ణి చేస్తే నేనేం తియ్యను?" ఇసాక్, "సముద్రం ఉంది కదా, తియ్యి," అన్నాడు. గిబ్బీ అప్పుడే నోరు మూసేశాడు, తలూపాడు.

బయల్దేరాం. హార్బరు సముద్రంలో కలిసే మొగ దాకా వచ్చామో లేదో, రూపర్ట్ డబ్బా తెరిచి బ్రెడ్డు ముక్క ఒకటి నోట్లో పెట్టుకుంటున్నాడు. మధ్యలో మాంసం. ఏ మాంసమో వాసనకే తెలిసింది. నేను అడక్కుండా ఇంజనాపేశాను. ఇసాక్ వచ్చి డబ్బా తీసుకుని నీళ్లలోకి విసిరి, దొర నోట్లోది కూడా ఉమ్మించి, బోటు వెనక్కి తిప్పి జెట్టీకి కట్టేసి, అందర్నీ దింపి, మళ్లీ కొత్తగా ఎక్కించాడు. అలా చేస్తేగాని దోషం పోదు మరి. గిబ్బీ దిగాడు, ఎక్కాడు, కిక్కురుమనలేదు. వాడి జీవితంలో అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే, మెడ నరాలు ఉబ్బిపోయాయి.

మొగ దాటగానే ఈశాన్యం గాలి, అలలు లేచాయి. కెమెరామన్ ముందే పడిపోయాడు, చేపల పెట్టెల మధ్య వెల్లకిలా, గుండె మీద కెమెరా ఆకాశాన్ని తీసుకుంటూ ఉంది. గిబ్బీ మొహం తెల్లబడింది. ఒంటెలెక్కి, ఎడారులు దాటి, నలభయ్యేళ్లకి సొంత నీళ్ల మీద వాడికి కడుపులో తిప్పింది. నోరు విప్పకూడదు కదా, మరేం చెయ్యాలి? బళ్లో పిల్లాడిలా చెయ్యెత్తాడు. ఇసాక్ చూసి తలూపాడు. అప్పుడు అంచు దగ్గరికెళ్లి కక్కుకున్నాడు. వచ్చి, మూతి తుడుచుకుని, కోటు సరిచేసుకుని మర్యాదగా నిలబడ్డాడు. మళ్లీ చెయ్యెత్తాడు. మళ్లీ తలూపాడు ఇసాక్. ఈలోగా రూపర్ట్ అడక్కుండానే అంచు మీదకి వాలిపోయాడు. ఇసాక్ ఉరిమి చూస్తే, పాపం ఆ మనిషి కక్కుతూ కక్కుతూనే చెయ్యెత్తాడు. గిబ్బీ దొరని చూశాడు, తండ్రిని చూశాడు, మూడోసారి చెయ్యెత్తి, దొర పక్కన చోటు సరిపోదేమోనని కాస్త జరగమని సైగ చేసి, వరసలో నిలబడ్డట్టు నిలబడి, తన వంతు రాగానే వంగాడు.

నాకు వెనకాల ఏదో చప్పుడు వినిపించింది. తుప్పు పట్టిన కప్పీ తిరుగుతున్నట్టుంది. ఇంజను పాడైందేమో అని తిరిగితే, ఇసాక్. భుజాలు ఎగిరిపడుతున్నాయి. ఫిట్సేమో అనుకున్నాను, దేవుడి మీద ఒట్టు. తర్వాత పళ్లు కనిపించాయి. గిబ్బీ కూడా విన్నాడు, తిరగబోయాడు. నేను పరిగెత్తి వెళ్లి వాడి బెల్టు పట్టుకున్నాను. "తిరక్కు. తిరిగావంటే ఆపేస్తాడు," అన్నాను. వాడు నీళ్లలోకి చూస్తూనే, పెదాలు కదపకుండా, "నవ్వుతున్నాడా?" అన్నాడు. "నవ్వుతున్నాడు." "ఎలా ఉన్నాడు, చెప్పరా." "మూడే పళ్లున్నాయి. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. చుక్కాని వదిలేసి తలుపు పట్టుకున్నాడు." వాడి మొహం అప్పుడు చూశాను నేను. రంగు వచ్చేసింది, వాంతి లేదు, ఏమీ లేదు. కడుపు ఎప్పుడో ఖాళీ. వాడు వెనక్కి చూడకుండా మళ్లీ చెయ్యెత్తాడు. అక్కణ్ణుంచి ఎన్ని రకాలు చేశాడనుకున్నావు? పొడుగ్గా ఒకటి, మధ్యలో ఎక్కిళ్లతో ఒకటి, వచ్చినట్టే వచ్చి రానిది ఒకటి. ఆ ముసలాయన నవ్వు కాస్త తగ్గేదాకా ఆగడం, తగ్గగానే ఇంకోటి. నేను బెల్టు పట్టుకుని చెబుతూనే ఉన్నాను, ఇప్పుడు టోపీ తీశాడు, ఇప్పుడు మోకాళ్ల మీద కూచున్నాడు అని. ఒక్కసారి కూడా తల తిప్పలేదు వాడు. చూస్తే పోతుందని. కళ్లలోంచి మాత్రం నీళ్లు ధారగా కారిపోతున్నాయి.

జెట్టీ చేరేసరికి ఇసాక్ మొహం మామూలైపోయింది. "డెక్కు కడగండి," అన్నాడు. గిబ్బీయే కడిగాడు, ఈలేస్తూ. ఆ ప్రోగ్రాం టీవీలో వచ్చింది, చూస్తే ఆకాశం, పక్షులు, ఎవడిదో బూటు. ఆ మరుసటి చలికాలమే పోయాడు గిబ్బీ, గుండె. కొండ మీద శ్మశానంలో పెట్టాం, పెద్ద పెద్దవాళ్లొచ్చారు, కార్లు. అందరూ వెళ్లిపోయాక ఇసాక్ నా పక్కనొచ్చి నిలబడ్డాడు. సముద్రం వైపు చూస్తూ, "హెక్టరూ, ఆ రోజు మొదటి రెండుసార్లే నిజం. మూడోదాని దగ్గర్నుంచి వేషం," అన్నాడు. "మీకు తెలుసా సరంగు గారూ?" "అరవయ్యేళ్లు బోటు మీద జనం కక్కుకోవడం చూశాను, నాకు తెలీదా?" "మరెందుకు నవ్వారు?" అన్నాను. ఆయన టోపీ పెట్టుకున్నాడు. కొండ దిగబోతూ అన్నాడు, "బాగా చేస్తున్నాడు కదరా."

ఆ మాట వాడు బతికుండగా...

వాన పడేట్టుంది ఐలా. బయట ఆ తువ్వాళ్లు తీసుకురా పో.