గాలిమరలకు బొట్టు

తెలంగాణ బంద్ అని ఆఫీసు మూసేశారు. గాలిమరల కంపెనీలో పనిచేసే అతను కొండాపూర్ ఫ్లాట్‌లోంచే ఫోన్లో మీటింగ్ ముగించేసరికి, భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

“బావా, మరలు పెట్టేది మన ఊరి మేతగుట్ట మీదనా?”

“విన్యావా? గాలి ఆడనే బాగుంది.”

“మరి గొర్లు యాడ మేసేది? ఊరోళ్లు భయపడింది దానికే కదా. అవతల బీడులోనే పెడతారని నాతో చెప్పిస్తివి.”

“అప్పుడు అట్ల అనుకున్యాం.”

“నిజంగానా?”

అతను ల్యాప్‌టాప్ మూశాడు.

“మొదట్నుంచీ గుట్టే. చెప్తే నువ్వు పోయేదానివా?”

ఆమె గుమ్మం దాటి అతని ముందుకొచ్చింది.

“పసుపు కుంకుమ పట్టుకొని గడపగడపకూ తిరిగితిని. ఊరి ఆడబిడ్డే బొట్టు పెట్టి అడిగితే మన ఊర్లో ఎవురూ కాదనరని కంపెనీకి నువ్వే చెప్పినావా?”

“మన పద్ధతే కదా. తప్పేముంది?”

“గొర్లే నాకు ఆధారమని కదిరమ్మత్త ఏడ్చింది. నేనుండా కదా అంటి. ఆ మాటకే ఒప్పుకొని, నాకు రవికగుడ్డ పెట్టి పంపించె.”

“ఊరికే పెద్దది చేయొద్దు.”

“బంద్ అయిపోతానే బస్సెక్కుతా. అవే గడపలకు పోయి, ఒప్పుకున్న మాట వెనక్కి తీసుకోమని చెప్తా.”

“పో. నీ మాట ఇంగ ఎవురు నమ్ముతారు?”

ఆమె బీరువా తెరిచి, ఇంకా కుట్టించని ఆ రవికగుడ్డను బయటికి తీసింది.

“నమ్మరు. అందుకే ముందు కదిరమ్మత్తకు ఇది తిరిగిచ్చేసి, నా మొగుని మాట నమ్మి నేనూ మోసపోతినని చెప్తా. ఆ మాటైతే నమ్ముతారు.”