శ్యాంసుందర్ సర్టిఫికెట్టు తెచ్చిన వైనం

రాత్రి వానలో పిడుగు పడి నా బర్రె చచ్చిపోయింది. దాని పాల మీదే నా బిడ్డ దీప్తి సూర్యాపేటలో నర్సింగు చదువుతున్నది.

మాకొక బీమా నిధి ఉంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దిక్కు పాడి రైతులందరం తలా ఇంత వేసుకుంటాం. ఎవరి పశువు పోతే వాళ్లకు అందులోంచి ఇంకో పశువు వస్తుంది. కాని నిధి మేనేజరు వచ్చి, చచ్చిన పశువు చెవి పోగు మీది నంబరు కళ్లారా చూసి సంతకం పెట్టాలి. అప్పటిదాకా పూడ్చకూడదు. ఆ మేనేజరు శ్యాంసుందర్, నాకు మరిది వరస. నిధులు నడిపే పరీక్ష పాసై, సర్టిఫికెట్టు తెచ్చుకుని నిరుడే పనిలో చేరాడు. అతను వచ్చాక పోయిన పశువుల్లో నాదే మొదటిది.

ఎండ ఎక్కకముందే అతన్ని తోలుకుపోదామని పాలకేంద్రం ఎదుట యేసయ్య హోటలుకు పోయాను. నేను నోరు తెరిచేలోపే "రా వదినా, కూసో," అని నాకు చాయ్ చెప్పి, శ్యాంసుందర్ మళ్లీ పక్కన చాయ్ తాగుతున్న గురవయ్య మామ వైపు తిరిగాడు.

"నేనేం పెద్ద సదువరిని గాదు మామా, పరీక్ష ఒక్కటి పాసైన, గంతే. హైదరాబాదుల హాలు, సల్లటి ఏసీ, అందరు టైలు కట్టుకొని కూసున్నరు, నేనేమో పాలు పిండి అట్లనే బస్సెక్కిన, చేతులకు పేడ వాసన గూడ పోలే. ప్రశ్న ఏందంటే, ఒక్కని ఆపదను పదిమందికి పంచుడెట్ల? గదెంత పని, మనం రోజూ చేసేదే. రాస్తుంటే ఇచ్చిన కాయితాలు ఖతం, పక్కోల్లవి గుంజుకున్న, అయి గూడ ఖతం, ఆఖరికి గోడ మీద రాసిన."

"గోడ మీదనా?" అన్నాడు యేసయ్య, చాయ్ వడపోస్తూ.

"మరి. గోడను కోసి లారీల ఏస్కొని ఢిల్లీకి పంపిన్రు దిద్దనీకి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్దసారు విమానంల దిగిండు. 'ఏమయ్యా, మూడూర్లకు ఒక్కపాలే కష్టమొస్తే నీ నిధి మునగదా?' అన్నడు. ఒక్కపాలే రానిస్తనా సారూ, కోదాడ మునిగిననాడు సూర్యాపేట తేలాలె, సూర్యాపేట ఎండిననాడు మిర్యాలగూడ పండాలె, ఒకల కష్టం ఒకలకు తగలొద్దు, నిధి అంటే గదే అన్న. 'అయితే చేసి సూపెట్టు' అన్నడు. ఇగ సూడు, సక్కగ సారును వాడపల్లి తోలుకపోయిన."

"గాడ ఏమున్నదిరా?"

"మూసీ వచ్చి కృష్ణల కలుస్తలేదా మామా? ఇద్దర్నీ నిలబెట్టి మెంబర్లను చేసిన. మూసీ ఎండితే కృష్ణ ఇయ్యాలె, కృష్ణ పొంగితే మూసీ జర జరగాలె. కృష్ణ ఎంబడే ఒప్పుకున్నది. మూసీయే సతాయించింది, ఆధార్ కార్డు లేదని."

గురవయ్య మామ పొలమారి దగ్గాడు. నేను లేచాను.

"శ్యాం, జర..."

"ఆగు వదినా, అసలు ముచ్చట ఇప్పుడే ఉన్నది. సూసినవా మామా, ఇనుకుంట ఇనుకుంట వదినకు నోట మాట వస్తలేదు."

మళ్లీ కూర్చున్నాను. చాయ్ చల్లారిపోయింది.

"నదులు చేరినయని సాగర్ గేట్లు ఇన్నయ్, మమ్ముల గూడ రాస్కోమన్నయ్. ఇగ మబ్బులు ఊకుంటయా? యాసంగి కోతలప్పుడు ఒక మబ్బు మిర్యాలగూడ మీదికొచ్చి 'పడాల్నా వద్దా' అని నన్నే అడిగింది. రోడ్డు పొడుగునా వడ్లు ఆరబోసిన్రు, కండ్లు కనవడ్తలేవా, సంచులకెత్తేదాక ఆగు అన్న."

"ఆగిందా?"

"ఆగకేం జేస్తది యేసన్నా, లారీలు మిల్లుకు చేరేదాక గాల్లనే నిలవడ్డది పాపం. గిట్ల నష్టాలే లేకుంట అయిపాయె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? యమునికి పని లేకుంట పోయింది. పరేషాన్ అయ్యి, దున్నపోతెక్కి మా ఇంటికే వచ్చిండు. 'శ్యాంసుందర్ సారూ, నా దున్నపోతుకు గూడ బీమా చెయ్యి, ముసల్దయింది' అన్నడు. వయసెక్కువ, కుదరదన్న. గడ్డం పట్టుకొని బతిలాడిండు. సరే అని దాని చెవికి పోగు ఏసిన. బదులుకు ఆయనతోని సంతకం తీస్కున్న, మన నిధిల ఉన్న ఏ పశువునూ ముట్టనని. పెద్దసారు ఆ సంతకం సూసి, రెండు చేతుల మొక్కి, సర్టిఫికెట్టు ఇచ్చిండు. గందుకే ఇప్పటిదాంక మన మూడూర్లల్ల ఒక్క బర్రె గూడ..."

"శ్యాం," అన్నాను. "యముడు మన మెంబరే అయితే, రాత్రి నా బర్రెను ఎట్ల తోలుకపోయిండు?"

గురవయ్య మామ నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. శ్యాంసుందర్ గ్లాసు కింద పెట్టాడు.

"ఏమైంది వదినా?"

"పిడుగు. చింతచెట్టు కింద పడి ఉన్నది."

శ్యాంసుందర్ లేచి బండి తీశాడు. మామ, యేసయ్య పారలు పట్టుకుని వెనకే వచ్చారు.

శ్యాంసుందర్ బురదలో మోకాళ్ల మీద కూర్చుని, బర్రె చెవిని తన కండువాతో తుడిచాడు. నంబరు బయటికి చదివాడు. ఫోటో తీశాడు, రాశాడు, సంతకం పెట్టాడు.

"నెల తిరగకముందే ఇంకో బర్రె వస్తది వదినా. పాలిచ్చేదాన్నే తెస్త. బిడ్డకు ఫోన్ చేసి చెప్పు, సదువు ఆపొద్దని."

"ఇది గూడ కోతలు కోసుడు కాదు గద?"

"కాదు వదినా."

చెట్టు మొదట్లో కూర్చున్నాను.

గురవయ్య మామ గుంత తవ్వుతూ తవ్వుతూ పార ఆపాడు. "అంత బానే ఉన్నది గని, ఆ యమునితోని ఏమంటవ్‌రా ఇగ?"

"ఏమనేదున్నది మామా, మెంబర్షిప్ తీసేసిన," అన్నాడు శ్యాంసుందర్, తల ఎత్తకుండా కాగితం మడుస్తూ.

"మంచి పని చేసినవ్," అన్నాను.