కోడెతో పుట్టిన పెయ్య

కజియాడో ఊరి దగ్గర ఒక మసాయి పశుకాపరుల దొడ్డిలో పెయ్యను పరీక్షించి పశువుల డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. నసియెకు అనే ఆ ఇంటి కోడలు నీళ్లు పోస్తోంది.

“ఇది ఎప్పటికీ చూడి కట్టదమ్మా. కోడెతో కవలగా పుట్టింది కదా?”

“అవును. కోడెలాగే మట్టి చిమ్ముతుంది, ఆవుల మీదికెక్కుతుంది. దీనికంత పొగరేంటి?”

“పొగరు కాదు. కడుపులో ఉన్నప్పుడే ఆ కోడె నెత్తురు దీనిలో కలిసింది. అందులోని మగ హార్మోన్లు గర్భసంచిని ఎదగనివ్వలేదు, మెదడునీ మార్చేశాయి.”

“నేనూ మా అన్నతో కవలగానే పుట్టాను. పెళ్లై ఆరేళ్లైంది, పిల్లల్లేరు. మా అత్త నన్ను దీనితోనే పోలుస్తుంది.”

“మనుషుల్లో అలా కాదమ్మా. కడుపులో మీ అన్నకో మాయ, మీకో మాయ. నెత్తురు కలవదు. ఆస్పత్రికెళ్లండి, మీ ఆయన్నీ తీసుకెళ్లండి.”

“ఆ మాట కాస్త గట్టిగా చెప్పండి డాక్టరుగారూ. మా అత్త అటువైపే పాలు పితుకుతోంది.”