వణకని చెయ్యి

శాంటియాగో డి క్యూబాలో మా వీధి దవాఖానా కిటికీకి తలుపుల్లేవు. లోపల ముసలాయనా, ఆయన ఎదురింటి డాక్టరమ్మా మాట్లాడుకుంటుంటే వరండాలో కూర్చున్న మా అందరికీ వినిపిస్తోంది.

"ఈ వణుకు మాత్ర నాకొద్దమ్మా. ఆపెయ్."

"అదేంటి బాబాయ్? చెయ్యి చక్కగా నిలబడిందిగా!"

"అదేగా నా కొంప ముంచింది."

"నోరు ఎండిపోతోందా?"

"ఇసుక బుక్కినట్టుంది. దానికేం, నీళ్లు తాగుతున్నా."

"లేనివేమైనా కనిపిస్తున్నాయా?"

"ఓ తెల్లకోడి. డామినో బల్ల మీద కూర్చుంటుంది. పాపం, ఎవర్నీ ఏమీ అనదు."

"బాబాయ్! ఈ వయసులో ఆ మాత్ర చేసే పనే అది. ముందే చెప్పొద్దూ? మెల్లమెల్లగా తగ్గించేద్దాం."

"కోడి ఉంటే ఉండనీ. నా వణుకు మాత్రం నాకు తిరిగొచ్చెయ్యాలి."

"వణుకు కావాలా?!"

"డామినో ఆటలో చేతికి మంచి బిళ్లలు పడ్డాయంటే సంబరంకొద్దీ నా చెయ్యి ఇంకా వణికేది. అది చూసుకుని నా జోడీ ఎవెలియో ఆడేవాడు. మాత్ర మొదలెట్టాక వరసపెట్టి ఓడిపోతున్నాం."

"అమ్మ బాబోయ్! ఎదురు జట్టులో ఉన్న మా నాన్నని ఇన్నాళ్లూ అలా ఓడించారా? జోడీకి సైగ చెయ్యకూడదుగా!"

"సైగేంటి? అది జబ్బు! అయినా డాక్టరుకి చెప్పుకున్నది బయటికి పోకూడదు. మీ నాన్నతో అనకు తల్లీ, నీకు దణ్ణం పెడతా."

"నేను అనక్కర్లేదు బాబాయ్. వారం నుంచి ఆయన అద్దం ముందు కూర్చుని చెయ్యి వణికించడం నేర్చుకుంటున్నాడు."