నూటికి యాభై ఎనిమిది మొలకలు

రెండువేల పదిహేను, రోహిణి కార్తె ఎండలు. అప్పుడు జరిగింది ఆ ముచ్చట. ఇప్పుడెందుకు తాతా అంటవా? ఎత్తింది నువ్వే గదా హరీషూ. కూసో. ఆ కుర్చి కాలు ఊగుతది, ఈ మంచం మీద కూసో. ఏమంటివి, మల్లొకసారి అను. సూర్యాపేటల ఫంక్షన్ హాల్ల విత్తనాల దుకాణాలోళ్లను, పురుగుమందుల దుకాణాలోళ్లను, నీతోని సహా అందరిని కూసోబెట్టి, హైదరాబాదు నుంచి వచ్చిన సారొకాయన పాఠం జెప్పిండు. కాలం బాగలేకున్నా నవ్వుకుంట ఉండాలె, కస్టమరే దేవుడు, పొద్దున లేసి అద్దంల సూసుకొని ‘నేను గెలుస్త’ అని మూడుసార్లు అనుకోవాలె. అంతే గదా? మంచిది. అన్నం గూడ పెట్టిండ్రా? ఐస్‌క్రీం గూడనా? మంచిది మంచిది. అది తినొచ్చి, ఇగ నువ్వేమంటివి? ‘మా అమ్మమ్మకు ఈ పాజిటివ్ థింకింగ్ లేకుండె తాతా, బోర్డు రాసి కంపెనీతోని కొట్లాట పెట్టుకొని, మంచిగ నడిచే దుకాణాన్ని చేజేతుల ముంచుకున్నది’ అంటివి. అంటివా లేదా? తలకాయ ఊపకు, నోటితోని చెప్పు. ఆఁ. నువ్వు ఆమె బిడ్డ కొడుకువు కాబట్టి ఊకున్న. ఇంకెవడన్న అంటే ఈ గడప దాటనిస్తుంటినా?

మీ అమ్మమ్మ రుక్కమ్మకు నవ్వు నేర్పాల్నా వాడు? కోదాడ బస్టాండు ఎనుక సందుల ఆమె దుకాణం. పొద్దుగాల ఏడింటికి షట్టరు లేపుతుండె. లేపుడే నవ్వుకుంట లేపుతుండె. గిరాకి ఉన్నా అంతే, లేకున్నా అంతే. వాకిలి ఊడ్సి, నీళ్లు జల్లి, కుండ నింపి పెట్టి, ‘మట్టయ్యా, ఇయ్యాల మనకు పని తక్కువున్నట్టున్నది, మంచిగ కొట్లాడుకుందాం రా’ అంటుండె. మీ తాత పోయినంక లైసెన్సు తన పేరుకు మార్పిచ్చుకొని ఒక్కతే నడిపింది. ఆడమనిషి విత్తనాలేం అమ్ముతది అన్నోళ్లకు, ‘ఇంట్ల విత్తనం దాసేది ఎవరు, మీరా?’ అన్నది. నేనప్పుడు లారీల కాడ హమాలీని. ఆమె దుకాణానికి సంచులు మోసేటోణ్ణి. ఒకరోజు ఒక రకం తీస్కపోయి ఇంకో రకం సంచుల అట్టి మీద ఏసిన. తిట్టలే. ‘వీపు మీద ఏం మోస్తున్నవో నీకు తెల్వకపోతె ఎట్ల మట్టయ్యా?’ అన్నది, అంతే. నాకు రోషమొచ్చింది. వచ్చింది గని ఏం జేస్త, అక్షరం ముక్క రాదాయె. అప్పుడు ఊరూర రాత్రి బడులు పెట్టిండ్రు. పట్టుకపోయి నన్ను అండ్ల కూసోబెట్టింది. నలభై దాటినోణ్ణి, పలక పట్టుకొని! నా పెండ్లాం లచ్చమ్మ నవ్వి నవ్వి సచ్చింది. ఏడాదికి సంచి మీది చీటి సదివిన. రకం పేరు, లాటు నంబరు, తారీఖు, మొలక శాతం. ఆ దినం నుంచి హమాలీని కాదు, దుకాణం మనిషిని. అక్కా అని పిలుస్తుంటి. ఆమెకు నాకు సుట్టరికం ఏం లేదు గని, అక్కే.

ఆమె పని తీరు ఎరికేనా నీకు? నీకేం ఎరిక, అప్పుడు నువ్వు మిర్యాలగూడల ఇస్కూల్ల ఉన్నవ్. ఏ కంపెనీ నుంచి ఏ లాటు వచ్చినా సరే, సంచి ఇప్పి నూరు గింజలు తీస్తుండె. తడిపిన గోనెపట్ట మీద పదికి పది వరసలు పేర్సి, చాపోలె సుట్టి, దారంతోని కట్టి, దానికొక చీటి కట్టి, ఎనుక వసారల నీడకు పెడుతుండె. పూటకోసారి నీళ్లు జల్లుడు నా పని. నాలుగొద్దులకు ఇప్పి, మొలకలు లెక్కవెట్టి, అప్పుడు అమ్ముతుండె. గవర్నమెంటోళ్ల లెక్క నూటికి ఎనభై మొలవాలె. ఎనభైకి ఒక్కటి తగ్గినా ఆ లాటు ముట్టకపోతుండె. వచ్చినోళ్లు ఆగుతరా నాలుగొద్దులు? తిట్టేటోళ్లు. జగ్గయ్యపేట దిక్కు నుంచి ఒకాయన వస్తుండె, తెల్ల బట్టలేస్కొని, ‘ఏవండీ, విత్తనాలకొస్తే నాలుగు రోజులాగమంటారేవిటండీ, ఇదేవన్నా పెళ్లి ముహూర్తవా?’ అంటుండె. ‘అవునండీ, మూడుముళ్లు పడకుండ మా పిల్లను పంపమండీ’ అని ఆయన మాట ఆయనకే అప్పజెప్తుండె ఈమె. నవ్వుకుంట పోతుండె ఆయన, మల్ల నాలుగొద్దులకు వస్తుండె. ఎదురుంగ దుకాణమాయన మటుకు, ‘రుక్కమ్మ విత్తనాలమ్మదురా, పురుళ్లు పోస్తది’ అని సందంత చాటుతుండె. చాటనీ అన్నది. పురుడు పోసెటప్పుడు ఎవడన్న తొందరవెడ్తడా అన్నది.

ఇగ ఆ ఏడు. అంతకు ముందు ఏడే సరిగ లేదు. సాగర్ నీళ్లు అడుక్కు పోయినయి. ఎడమ కాల్వకు ఇడుస్తరంట, ఇడవరంట. పెద్దవూర దిక్కు నుంచి బస్సుల వచ్చినోణ్ణి ప్రతోణ్ణి ఇదే అడుగుడు, నీళ్లేడిదాంక ఉన్నయని. దుకాణాలల్ల ఈగలు. ఎదురుంగ దుకాణమాయన స్కీము పెట్టిండు, నాలుగు సంచులు కొంటె ప్లాస్టికు బకీటు, లక్కీ డ్రాల మోటరు సైకిలు. రంగు కాయితాలు, మైకు. గిరాకంత అటే పోయింది. నాకు కడుపు మండింది. మనం గూడ బకీట్లు తెద్దాం అక్కా అన్న. ‘నీళ్లు లేవని ఏడుస్తుంటె బకీటిచ్చి ఎక్కిరిస్తరా మట్టయ్యా?’ అన్నది. ఆమె దగ్గరికి వచ్చినోణ్ణి ముందు అడిగేది ఒక్కటే, భూమి ఏడున్నది, కాల్వ మొదట్లనా కొసకా? కొసకు అంటె వరి ఇయ్యకపోతుండె. కంది ఎయ్యి, పెసర ఎయ్యి, రెండు తడులల్ల తేలిపోతది అని కూసోబెట్టి చెప్తుండె. పదిమంది వస్తె ఆరుగురు ఉత్త చేతులతోని పోతుండె. అట్ల పోయినోడు సుత కుండల నీళ్లు తాగి, నవ్వి పోతుండె. గిది కాదా మీ సారు చెప్పేది? అద్దం సూడలే ఆమె. ఆమెకు తీరేది కాదు.

గప్పుడొచ్చినయి సన్నరకం వరి విత్తనాల సంచులు. రెండు నూర్ల సంచులు. పేరున్న రకం, ఏడ దొర్కుత లేదు. జనం ఫోన్లు. నూరు గింజలు పేర్సినం. నాలుగొద్దులకు ఇప్పితె యాభై ఎనిమిది. ఆమె నవ్వు ఆగిపోయింది. గోనె సరిగ తడవలేదేమో అన్నది. ఇంకో నాలుగు సంచులల్ల తీసి మల్ల పెట్టినం. అరవై, యాభై ఏడు, గట్లనే. కంపెనీ ఆఫీసరుకు ఫోన్ జేసింది. వాని గొంతు నెయ్యి లెక్క. ‘అమ్మా, అది కొత్త విత్తనం. నిద్రావస్థలో ఉంటుంది. పొలంలో పడితే అదే లేస్తుంది.’ ఈమె అంటది, ‘నిద్రపోతున్నదో, సచ్చిందో చూసి చెప్పు సారూ. నాలుగొద్దులు మా మట్టయ్య సుత పండడు.’ వాడు నవ్విండు. నేను పోయి సంచి చీటి సూసిన. ఎందుకో అనుమానం. తారీఖు ఉన్న కాడ చీటి జర ఎత్తుగున్నది. గోరుతోని గీకిన. మీదిది ఊడొచ్చింది. కింద ఇంకో చీటి, రెండేండ్ల కిందటి తారీఖు. నేనే సదివిన, బిడ్డా. ఎవ్వలు సదివి చెప్పలే నాకు. కొత్త విత్తనమంట! సిగ్గులేనోళ్లు.

ఆమె మల్ల ఫోన్ జేసి, రెండు నూర్ల సంచులు వాపసు తీస్కపొండి అన్నది. నిమ్మళంగ అన్నది. వాడు సరే అన్నడు, లారీ పంపుతనన్నడు. అక్కడికి అయిపోవాల్సిన ముచ్చట. నడుమ హర్యా వచ్చిండు. మునగాల అవతల తండా నుంచి, రెండెకరాలు, బాయి కింద. ‘అక్కా, మొగులైతుంది, వాన పడేటట్టున్నది, నాకా సన్నరకమే కావాలె.’ లేదు హర్యా, అది మంచిగ లేదు, మొలవది అన్నది. ‘సంచులు కనబడుతున్నయి గదక్కా? పెద్దోళ్ల కోసం దాసినవా?’ అన్నడు. ఎన్నేండ్ల గిరాకి! ఆ మాటకు ఆమె మొఖం ఎట్లయిందో నేను సూసిన. పోయిండు, ఎదురుంగ దుకాణంల అదే లాటు కొన్నడు. అవే సంచులు, అదే నంబరు. కొని, మాకు కనబడాలెనని బకీటు చేతుల ఊపుకుంట పోయిండు.

ఇప్పుడు ఇను. మంచిగ ఇను. మీ ఇంట్ల మీ అమ్మకు తెల్వదు, ఎవ్వలకు తెల్వదు. మర్నాడు మీ అమ్మమ్మ మిర్యాలగూడకు పోయింది, మీ ఇంటికే, నీ చెల్లె సింధుకు చెవులు కుట్టిస్తుండ్రని. దుకాణం నామీద ఇడిసిపెట్టి పోయింది. నాకు రాత్రంత నిద్ర లేదు. పొద్దుగాల దుకాణం తెరిసిన. రేట్లు రాసే నల్ల బోర్డు ఉంటుండె, దాన్ని తుడిసిన. సుద్దముక్క తీసుకున్న. కంపెనీ పేరు రాసిన. రకం పేరు రాసిన. లాటు నంబరు రాసిన. ‘నూటికి యాభై ఎనిమిది మొలకలు. పాత విత్తనం. మీద కొత్త చీటి’ అని రాసిన. తీస్కపోయి రోడ్డు మీద పెట్టిన. గోనెపట్టలు ఇప్పి పక్కన పరిసిన, మొలిసినయి మొలవనియి కండ్లబడేటట్టు. బోర్డు రాసింది మీ అమ్మమ్మ కాదు. నేను! రాత్రి బడిల నేర్సిన అక్షరాలు, అవే నావి. ఆమె ఉంటె రాయనిస్తుండెనా? రాయనియ్యదు. సంచులు వాపసు పోతున్నయి, ఇగ మనకెందుకు అంటది. ఆగలే నేను. నాది మొండితనం అను, తెలివి తక్కువ అను. ఆమెను అనకు.

జనం గుమిగూడిండ్రు. ఎవడో ఫోన్ల ఫోటో తీసిండు. మద్యాన్నం కల్ల ఆ ఫోటో హుజూర్‌నగర్ దాంక పోయింది. మూడు గంటల బస్సుకు ఆమె దిగింది, సంచిల మీ ఇంటి లడ్డూలు. జనాన్ని తోసుకొని వచ్చి బోర్డు సదివింది. అప్పుడే ఆఫీసరు ఫోను. నెయ్యి లేదు ఈసారి గొంతుల. నాకు గూడ ఇనబడ్డది. ‘అమ్మా, ఇప్పుడే చెరిపేయండి. సదువు రాని కూలివాడెవడో తెలియక రాశాడని కాయితం మీద రాసివ్వండి. మీ డీలర్‌షిప్‌కు నాది పూచీ.’ ఆమె ఫోను కిందికి దించి నన్ను సూసింది. ‘మట్టయ్యా, లెక్క తప్పినవా?’ అన్నది. లేదక్కా. ‘తారీఖు మంచిగనే సదివినవా?’ సదివిన అక్కా. ఫోను చెవికి పెట్టుకొని, ‘మా మట్టయ్యకు సదువొచ్చు సారూ’ అన్నది. వంగి, సుద్దముక్క తీసుకొని, నా రాత కింద తన పేరు రాసింది. గింత లావు అక్షరాలతోని. రుక్కమ్మ, దుకాణం ఓనరు. అందుకే మీరంత ఆమెనే రాసిందనుకుంటిరి. నేను చెప్తనన్నా చెప్పనియ్యలే. నీకు పిల్లలున్నరు, కేసులల్ల ఇరికిస్తరు, నోరు మూసుకో అన్నది. మూసుకున్న. అదీ నా తప్పే.

ఇగ సూడు, అందరొక్కటైండ్రు. ఆ కంపెనీ సంచులు లారీల ఎత్తుకపోయి డీలర్‌షిప్ తీసేసింది, అది సరే. మిగిలిన కంపెనీలకేం పుట్టింది? వాళ్ల సరుకును ఆమె ఏమన్నదా? ఒక్కడు సరుకు దింపలే. వ్యవసాయ ఆఫీసు నుంచి ఎవరో వచ్చిండ్రు, స్టాకు బోర్డు సరిగ లేదని రాస్కొని పోయిండ్రు, దాంతోని లైసెన్సు ఆపిండ్రు. తోటి దుకాణాలోళ్లు మీటింగు పెట్టి, ‘కాలమే బాగలేకపాయె, అందరం కల్సి నవ్వుకుంట పోవాలె గని, నువ్వు రైతుల్ని బెదరగొడుతున్నవమ్మా’ అన్నరు. ఇన్నవా? నవ్వుకుంట పోవాల్నంట! మీ సారు పాఠం నాకు కొత్తదేం కాదు. పదేండ్ల కిందనే ఇన్న. హర్యా నారుమడి పలసగ మొలిసింది, అక్కడక్కడ, దువ్వెన పండ్లు ఊడినట్టు. వచ్చి దుకాణం మెట్టు మీద కూసున్నడు. ఆమే నీళ్లిచ్చింది. ‘ఊకో, పెసర ఎయ్యి, ఇంకా పొద్దు పోలే’ అన్నది.

అంత అయినంక గూడ ఏడింటికి షట్టరు లేపింది, నమ్ముతవా? లోపల ఒక్క సంచి లేదు. వాకిలి ఊడ్సింది, నీళ్లు జల్లింది, కుండ నింపింది. జనం ఇంకో దుకాణంల కొన్న విత్తనాలను పిడికెడు పిడికెడు రుమాలల్ల కట్టుకొని వస్తుండె, ‘జర సూడక్కా’ అని. సూసేది. ఒక్క పైస తీస్కోలే. వసారల గోనెపట్టలు నలభై దాంక ఉంటుండె ఒక్కోరోజు, నీళ్లు జల్లలేక నా నడుములు ఇరిగినయి. మంచిగ మొలిస్తె ‘పో, ఆ దుకాణంలనే ఇంకో రెండు సంచులు తెచ్చుకో’ అని చెప్తుండె. ఎదురుంగ దుకాణానికి సుత తోలింది! నేను తిట్టిన. నీకేమన్న పిచ్చా అక్కా అన్న. ‘లాటు మంచిగున్నది, నేనేం జెయ్యాలె?’ అన్నది. వాళ్లల్ల ఒక్కడన్న, ఒక్కడన్న బిడ్డా, కంపెనీ కాడికి పోయి ఆమె తరఫున మాట్లాడిండా? పిడికెడు గింజలు సూపెట్టుకొని పోయినోళ్లు వెయ్యిమంది ఉంటరు. వెయ్యిమంది!

ఆఁ, ఏం లేదు. దుమ్ము పడ్డది కంట్ల.

ఇరవై రెండేండ్ల దుకాణం. దసరాకు వారం ముందు మూసినం. మీ అమ్మమ్మ మీ ఇంటికొచ్చింది, నాలుగేండ్లు బతికింది, మల్ల లైసెన్సు రాలే. నేను అరవై రెండేండ్లకు మల్ల లారీల కాడ సంచులెత్తిన.