అప్పాయమ్మ నూతి గిలక

తాటితోపు వెనకాల చింతచెట్టు కింద అప్పాయమ్మ నుయ్యుంది చూశారూ, పొద్దుగూకాక అటేపు మేకలు కూడా పోవు. ఎందుకో తెలుసా? ఉండండర్రా, నా మోకాళ్ళ మీద పడకండి, ఓపిక లేదు, ఒక్కసారే చెప్తాను.

అప్పాయమ్మ బతికున్నప్పుడు ఊళ్ళో నూతులన్నీ ఎండినా ఆవిడ నూతిలో నీళ్ళుండేవి. ఉంటే ఏం లాభం? చుట్టూ తుమ్మకంప వేసేసింది, దాహమని దోసిలి పట్టినోడికి చుక్క పొయ్యలేదు, పశువులూ పిట్టలూ చేరతాయని పక్కనున్న రాతితొట్టి ఎండబెట్టేసింది. ఆఖరికి ఆవిడా పోయింది, నీళ్ళూ పోయాయి. అప్పట్నించీ సందెవేళ గిలక కిర్రు కిర్రుమనేది. దెయ్యమై తోడుతూనే ఉందన్నమాట, చేదేమో ఖాళీగా వచ్చేది.

ఇలా ఉండగా నూకాలనే మీ ఈడు ఆడగుంట, ఓ వేసవిలో ఏటి చెలమ నుంచి బిందె నెత్తిన పెట్టుకుని వస్తోంది. ఇంటికి ఆ పూటకవే నీళ్ళు, ఒలకబోస్తే వీపు చీరేస్తానని అమ్మ చెప్పే పంపింది. అదిగో, అప్పుడే గిలక ఆగింది, "ఓలమ్మా, దాహమే" అని ఎవరో మూలిగారు. పిల్లకి పై ప్రాణాలు పైనే పోయాయి. పరిగెడదామంటే బిందె, నిలబడదామంటే దెయ్యం! చూస్తే ముసల్ది తొట్టి పక్కన దోసిలి పట్టుకు నిలబడుంది, అంత అలిసిపోయిన మొహం నూకాలు ఎన్నడూ చూళ్ళేదు. జాలేసింది. బిందె వంచింది. దోసిట్లో నీళ్ళు నిలిస్తేగా! వేళ్ళ సందుల్లోంచి తొట్టిలో పడిపోతున్నాయి, సగం బిందె ఖాళీ, ముసల్దాని పెదవి తడవలేదు. అమ్మ చంపేస్తుందని నూకాలుకి ఏడుపొచ్చేసింది.

అంతలో చింతచెట్టు మీంచి గోరింకలు దిగాయి, ఎక్కడ్నుంచో ఓ బక్కదూడ వచ్చింది, అవి తొట్టిలో మూతులు పెట్టి తాగుతుంటే, ఇటు అప్పాయమ్మ గుటకలేసింది! "అమ్మయ్య" అంది, చచ్చాక మొదటిసారి చతికిలబడి కూర్చుంది.

ఇంటికెళ్ళాక నూకాలుకి తన్నులు తప్పాయా? తప్పలేదు. అయినా మర్నాడు తన వాటా చెంబు పట్టుకుని మళ్ళీ వెళ్ళింది, దాన్ని చూసి మిగతా పిల్లలూ తలో చెంబు పోశారు. వాళ్ళంతా పెద్దయి ఎవరి దారిన వాళ్ళు పోయినా, నూకాలు ఒక్కతే పోస్తూ వచ్చింది, గిలక మోగలేదు.

మొన్నట్నించీ మళ్ళీ మోగుతోంది. మోగదూ మరి? నూకాలు ముసల్దైపోయింది, గడప దాటలేదు.

ఏరా, నా మోకాళ్ళకేసి అలా చూస్తావేం?

పొద్దుపోయింది, లేవండి. అటేపు మాత్రం వెళ్ళకండి, చెప్తున్నాను. ఉత్తచేతుల్తో అసలే వెళ్ళకండి.